దేవుడి పేరు పెట్టి చెప్పిన మాట

పెళ్లికి ముందు నుంచీ ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. ఇప్పుడు నాకొక బిడ్డ. వాడు నిద్రపోయాక మీకు రాస్తున్నాను. మీరు నన్నెరగరు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది మార్కాపురం, అత్తగారిది గిద్దలూరు దగ్గర పల్లె. మా ఆయన కడుపులో ఉండగానే అత్త ఆయన్ని దేవుని సేవకు ఇచ్చేసింది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఇది ఉన్నదే. ఆయనేమో బోరు మోటార్లు బాగుచేసే పనిలో పడ్డాడు. మాకు ప్రధానం జరిగి పెళ్లి ఖాయమయ్యాక అత్త నన్ను అడిగింది. వాడు పని మానుకుని పాస్టరు చదువుకు పోవాలా వద్దా, నువ్వు ఉపవాసముండి ప్రార్థించు, ప్రభువు నీతో ఏం చెబితే అదే చేస్తామంది. ఆయనా సరేనన్నాడు.

నేను ప్రార్థించలేదు. తలుపేసుకుని బొరుగులు తిన్నాను.

సాయంత్రం తల్లీ కొడుకూ వచ్చారు.

“ఏం చెప్పినాడమ్మా ప్రభువు?” అంది అత్త.

“వద్దన్నాడత్తా.”

“అట్లెట్ల అంటాడు? పుట్టకముందే ఇచ్చినానే!”

ఆయన నవ్వాడు. “దేవుడే తీసుకోనన్నాడంటే ఇంగ నువ్వే దిక్కు. నన్ను నువ్వే ఏలుకోవాల.”

అత్త ఏడ్చింది. నేను నీళ్లిచ్చాను.

ఎందుకు చేశాను? నేను డిగ్రీ చదివింది బడిలో పాఠాలు చెప్పడానికి. పాస్టరు భార్యగా, కట్టే చీర రంగు కూడా పదిమందికీ నచ్చేలా ఎంచుకుంటూ బతకడం నా వల్ల కాదు. ఇది స్వార్థమా? స్వార్థమే. నన్ను నేను చంపుకుని ఆయన వెంట నడిచి ఉంటే ఆయనకు దక్కేది భార్య కాదు, పైకి నవ్వుతూ లోపల ఆయన మీద పగ పెంచుకునే మనిషి. నాకు నచ్చినట్టు బతకాలన్న ఆ కోరికకు నేను సిగ్గుపడను. మా కాపురం నిలబడింది దాని మీదే. మరి తప్పు ఎక్కడ? “నాకిష్టం లేదు” అనడానికి నా మాట చాలదనుకున్నాను. దేవుణ్ని అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన తేల్చుకోవాల్సింది ఆయనకు తెలియకుండా నేనే తేల్చేశాను.

అప్పటి నుంచి ఆయన మందిరంలో లేచి నిలబడి, దేవుడు తన భార్యతో మాట్లాడాడని సాక్ష్యం చెబుతుంటాడు. నేను తల వంచుకుంటాను. అందరూ వినయమనుకుంటారు.

ఇవాళ అత్త మా పిల్లవాణ్ని సేవకు ఇద్దామంది. ఆయన నావైపు తిరిగాడు. “నువ్వు ప్రార్థన చేసి చెప్పు. నీతో మాట్లాడతాడు గదా.”

మళ్లీ వద్దన్నాడని చెప్పడం ఎంత తేలిక! కానీ వీడి బతుకు కూడా ఆ అబద్ధం మీదే మొదలుపెట్టనా?

అత్త పడుకున్నాక ఆయనకు చెప్పేశాను. ఆ రోజు దేవుడేమీ అనలేదు, వద్దన్నది నేను. ఇప్పుడూ నేనే వద్దంటున్నాను, పెద్దయ్యాక వాడి సంగతి వాడే తేల్చుకుంటాడు.

ఆయన లేచి వాకిట్లోకి పోయి కూర్చున్నాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. క్షమించమని నేను అడగలేదు. అడగను కూడా. తెల్లారితే ఏమవుతుందో తెలియదు. భయంగానే ఉంది, అయినా గుండె తేలికైంది. ఇకనుంచి ఆయన ప్రేమిస్తే నన్నే ప్రేమించాలి, దేవుడు మాట్లాడే మనిషిని కాదు.