బొట్టు కింద లైటు

మా చిన్నప్పుడు... కారెక్కితే అందరూ కిటికీలోంచి బయటికి చూసేవారు. నేను మాత్రం వెనక సీట్లోంచి మెడ సాచి, స్టీరింగు వెనక మీటర్లో ఓ మూలనుండే చిన్న లైటునే చూసేదాన్ని. పెట్రోలు అయిపోవస్తే పసుప్పచ్చగా వెలిగే లైటు అది. వెలిగిందంటే చాలు, నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు...

తెలంగాణ వచ్చిన కొత్తలో బాపు ఆ పాత కారు కొన్నాడు. మర్రిగూడ దగ్గర మా ఊరు. గొర్లు, పత్తి తప్ప వేరే ముచ్చట లేని ఇల్లు మాది. పెట్రోలు చూపించే ముల్లు మేం కొనేనాటికే సగం దగ్గర ఇరుక్కుపోయి ఉంది. ట్యాంకు నిండినా సగమే, అడుగంటినా సగమే! ఇక నమ్ముకోవాల్సింది ఆ లైటునే.

ముప్పై అయిదు లీటర్లు పట్టే ట్యాంకట... మా ఇంటికొచ్చాక ఎన్నడైనా నిండిందా అంటే అనుమానమే. లైటు వెలిగాకే బాపుకు బంకు గుర్తొచ్చేది. అప్పటికీ అడుగున నాలుగైదు లీటర్లు ఉంటాయని ఆయన ధీమా. నేను వెనక నుంచి గొణిగితే, "నీకెందుకే ఫికరు, బంకు దాక పోతది" అనేవాడు. ఆ బంకేమో ఊరికి ఆమడ దూరం.

ఆ ఏడు దసరాకు అవ్వ, అంటే మా నాయనమ్మ, కారుకు పూజ చేసింది. గొర్ల కత్తెరకు, నాగలికి, గడ్డపారకు బొట్టు పెట్టిన చేత్తోనే కారుకూ పెట్టింది. చక్రాలకు, అద్దాలకు, స్టీరింగుకు... ఆఖరికి మీటరు అద్దానికి కూడా! తడి పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. పండగ బొట్టు తుడవకూడదని అవ్వ పట్టు. అదంతట అదే రాలిపోవాలి. ఆమె మాటకు బాపు ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ తర్వాత లైటు కనబడడమే మానేసింది. నాకైతే ప్రాణం హాయిగా ఉంది... బాపు బుద్ధి మారి ముందే పోయిస్తున్నాడనుకున్నా. ఆయనేమో లైటు వెలగలేదు కదా అని నిశ్చింతగా తిరిగాడు.

ఓ మధ్యాహ్నం, పురుటికి వచ్చిన మా చిన్నత్తకు నొప్పులు మొదలయ్యాయి. ముందు అవ్వ, వెనక అమ్మ ఒడిలో తలపెట్టుకుని అత్త, వాళ్ల కాళ్ల దగ్గర ఇరుక్కుని నేను. నల్లగొండ దవాఖాన ఇంకా చాలా దూరం ఉందనగా, పత్తి చేన్ల మధ్య కారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

బాపు బానెట్ ఎత్తి వైర్లు కదిపి చూశాడు. వచ్చి మళ్లీ తాళం తిప్పాడు. అత్త పళ్లు బిగబట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నా మణికట్టుకు ఇప్పటికీ గుర్తే... నాకు ఏడుపొచ్చి, పెట్రోలు అయిపోయిందేమో చూడమన్నా. "లైటు రాలేదు గదనే" అన్నాడు బాపు.

అవ్వ ఆ మీటరు వైపు చూసింది. సీసాలో నీళ్లతో కొంగు తడిపి, వంగి, బొట్టు తుడిచేసింది. పండగ బొట్టు ఎవరినీ ముట్టనివ్వని మా అవ్వ! దాని కింద లైటు... ఎప్పటి నుంచి వెలుగుతోందో ఏమో.

"దేవుడు గీడ పెట్టుమన్లేదు బిడ్డా, నేనే పెట్టిన" అంది బాపుతో, మీటరు చూపిస్తూ.

బాపు దారిన పోయే బైకు ఆపి ఎక్కాడు. పక్క ఊరి కిరాణా కొట్టు నుంచి సీసాల్లో పెట్రోలు తెచ్చేదాకా నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నా. దవాఖాన గేటు దాటిన కాసేపటికే అత్తకు పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం అన్నాక గానీ అవ్వ నేల మీద కూర్చోలేదు.

ఇప్పుడు కారు నేనే నడుపుతున్నా. ఇంకా ఎంత దూరం పోగలదో తెర మీద చూపిస్తుంది, మోగి మరీ గుర్తు చేస్తుంది. అయినా ట్యాంకు సగానికి దిగితే నాకు నిలకడ ఉండదు, బంకు కనబడగానే తిప్పేస్తా. ఇంట్లో అందరూ నవ్వుతారు...

మీ ఇంటి మొదటి బండి కూడా మిమ్మల్ని ఎక్కడో ఒకచోట నడిరోడ్డు మీద నిలబెట్టే ఉంటుంది. ఆ ముచ్చట కింద రాయండి, చదువుకుంటా.

మొన్న దసరాకు బొట్లు పెట్టే పని నా మీద పడింది. స్టీరింగు దాకా పెట్టి, మీటరు దగ్గర చెయ్యి ఆపేశా... తుడవడానికి ఇప్పుడు అవ్వ లేదు కదా.