నా మొదటి నవల చదివిన మనిషి

మొన్న మా అపార్టుమెంటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి, ఇకమీదట ఒంటరి ఆడవాళ్ళకు ఫ్లాట్లు అద్దెకివ్వకపోతే మంచిదని, కుటుంబాలుండే చోటు గనుక అందరూ ఆలోచించాలని రాశాడు. దాని కింద వరసగా బొటనవేళ్ళు లేచాయి. నలభై ఏళ్ళుగా ఒంటరిగానే బతుకుతున్న నేను కూడా ఆ గ్రూపులో ఉన్నానని ఎవరికీ గుర్తు లేదు కాబోలు. నాలుగు మాటలు గట్టిగానే రాసి బయటికి వచ్చేశాను. అయినా కోపం చల్లారలేదు. ఎందుకంటే అది ఈ పెద్దమనిషి మీద కోపం కాదు, చాలా పాత కోపం.

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం పనుల కోసం కొత్త జనం వచ్చి, విశాఖలో అపార్టుమెంటు అన్న మాట అప్పుడప్పుడే నోళ్ళకు అలవాటవుతున్న రోజులవి. అప్పటిదాకా నేను కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క అన్నయ్యా వదినల రెండు గదుల ఇంట్లో ఉండేదాన్ని. పిల్లలు నిద్రలేవకముందే ట్రంకుపెట్టె మీద కాగితాలు పరిచి రాసుకునేదాన్ని. వారపత్రికలకు కథలు, రేడియోకి నాటికలు, పోర్టు కూలీలకు పంచే జాగ్రత్తల పుస్తకాలకు అనువాదాలు, ఏది దొరికితే అది. ఉద్యోగం కాదు, పెళ్ళీ కాదు, ఇదేం బతుకని చుట్టాలు అడిగితే మా అన్నయ్య నవ్వేసి ఊరుకునేవాడు. ద్వారకా నగర్‌లో మూడో అంతస్తు ఇల్లు వెతికిపెట్టింది కూడా అతనే.

ఆ ఇంట్లో మొదటిరోజు నాకు బాగా గుర్తుంది. నా సామానంతా కలిపి ఒక రిక్షాకు సరిపోయింది. కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, చాప, పుస్తకాలు, మా వదిన ఇచ్చిన ఆవకాయ జాడీ. కుళాయి నీళ్ళు కింద మాత్రమే వచ్చేవి, మూడంతస్తులూ బిందెతో ఎక్కాలి. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి, గాలి తిరిగితే పోర్టు వైపు నుంచి ఎర్రటి ధూళి వచ్చి తెల్లకాగితం మీద వాలేది. అయినా తలుపు వేసుకుని, ఎవరూ పిలవని గదిలో కూర్చుని నేను రాసిన మొదటి వాక్యం రుచి వేరు. రెండేళ్ళపాటు అలాగే నవల రాశాను. భీమిలి నుంచి మొదటి బస్సులో చేపల గంపతో వచ్చే తల్లి, నర్సు చదువుకు వెళ్తానంటే తండ్రి గదిలో పెట్టి తాళం వేసిన కూతురు, ఇదీ కథ. చిత్తుప్రతి నోటుపుస్తకాల్ని పేర్చి పెట్టుకునే చోటు లేక చింపేసి, ఉన్న ఒక్క మంచిప్రతినీ పత్రికకు పంపాను. ఎంత తెలివితక్కువతనమో తర్వాత తెలిసింది.

నెలలు గడిచినా జవాబు లేదు. ఆ నవల సంగతే కాదు, ఏ పత్రిక నుంచీ ఒక్క కార్డు ముక్క రావడం లేదు. అందరికీ నా రాత విసుగెత్తిందనుకుని లోలోపలే కుంగిపోయాను. ఒకరోజు అన్నయ్య ఆఫీసు నుంచి నేరుగా నా గదికి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు. నా పాత చిరునామాకు సంపాదకుడు రాసిన ఉత్తరం అది. నవల నచ్చిందట. నడుమ మూడు అధ్యాయాలు కుదించమని తిప్పి పంపితే, ఇల్లు ఖాళీ చేశారన్న రాతతో వెనక్కి వచ్చిందట. మళ్ళీ పంపితే ఈసారి తిరిగి రాలేదు గనుక నాకు అందిందనుకున్నారట. ఎన్నాళ్ళకీ నా జవాబు లేకపోయేసరికి ఈ పాత చిరునామాకు రాశారట.

మర్నాడు పోస్టుమాన్ కోసం గేటు దగ్గరే నిలబడ్డాను. నన్ను చూసి పాపం అతను నిలువునా బిగుసుకుపోయాడు.

"తవఁరు ఎల్లిపోనారని పెసిడెంటుబాబుగారు సెప్పినారమ్మా. ఉత్తరాలొత్తే ఎనక్కి పంపీమన్నారు. ఆ పెద్ద కట్ట మాత్రం ఆయనే సంతకం ఎట్టి తీసుకున్నారు."

ప్రెసిడెంటుగారంటే కింది వాటాలో ఉండే రిటైరైన ఆఫీసరు, మా భవనం సంఘానికి పెద్ద. వెళ్ళేసరికి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నా కట్ట ఏదని అడిగాను. తడబడలేదు సరికదా, పేపరైనా దించలేదు.

"ఇది సంసారులుండే కొంప అమ్మాయ్. వారానికి పది కవర్లు, అన్నిటి మీదా మగాళ్ళ పేర్లే. అవి ఆగిపోతే నువ్వే ఎల్లిపోతావనుకున్నాను. ఆ కట్ట ఎనక్కి పంపితే మళ్ళీ వచ్చింది, ఎన్నిసార్లని పంపుతాం? పారీసినాం."

ఆ పేర్లు సంపాదకులవని చెప్పాను. అయితే ఏటన్నాడు. ఆ పేపరు లాగి ముక్కలు చేసి అతని కాళ్ళ దగ్గర పోసి, వీధంతా వినపడేలా అరిచాను. అంతగా అరవడం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. బాల్కనీల్లోకి వచ్చి చూసినవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి తప్పుకున్నారు. పోలీసులకు చెబుదామని అన్నయ్య అన్నాడు గానీ, కాగితాలే లేనప్పుడు ఎవరు ఏం తెచ్చిస్తారు?

వారం తిరక్కుండా, ఆయన బజారుకు వెళ్ళిన వేళ చూసుకుని ఆయన భార్య నా గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మ వయసు మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా చెప్పింది.

"నీళ్ళ బాయిలర్లో ఎట్టీమని నాకిచ్చినారమ్మా. రోజుకు కొన్ని కాయితాలు సదివీసి అప్పుడు ఎట్టీదాన్ని. ఆ సేపలావిడ బస్సులో ఏడుత్తాది సూడు, ఆ రోజు నానూ ఏడిసినాను. ఆకరివి మాత్రం ఆయన దగ్గరుండి ఎట్టించీసినారు, సదవనేదు. ఆ పిల్ల నర్సు సదువుకెల్లినాదా, నేకపోతే ఆ ఇంట్లోనే ఉండిపోనాదా? అదొక్కటీ సెప్పమ్మా."

నా రెండేళ్ళ కష్టాన్ని చేతులారా మంటలో పెట్టిన మనిషి, ఆ తర్వాతేమైందని నన్నే అడుగుతోంది! ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ముఖం మీదే తలుపు వేశాను. చాలాసేపు అక్కడే నిలబడిందని, మెట్లు దిగే చప్పుడు ఆలస్యంగా వినపడటం వల్ల తెలిసింది.

నేను ఇల్లు మారలేదు, పంతం కొద్దీ ఇంకా తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాను. పోస్టాఫీసులో పెట్టె తీసుకుని ఉత్తరాలు అక్కడికే తెప్పించుకున్నాను. వేరే పుస్తకాలు వచ్చాయి, పేరూ వచ్చింది. ఆ నవలను మాత్రం తిరిగి రాయలేకపోయాను. ఆవిడ కుళాయి దగ్గర ఎదురైనప్పుడల్లా తలెత్తి చూసేది. నేను బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఒక ఎండాకాలం ఆవిడ ఊరికని వెళ్ళి, అక్కడే పోయిందని తెలిసింది.

ఇప్పుడు రాసిన ప్రతి అక్షరం నాలుగుచోట్ల భద్రంగా ఉంటోంది, ఒకరి ఉత్తరాన్ని మరొకరు ఆపే రోజులూ పోయాయి. ఆ ప్రెసిడెంటుగారి మీద కోపం మాత్రం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. కానీ ఈ వయసులో ఆయన కన్నా ఎక్కువగా ఆ తలుపు మీదున్న నా చెయ్యే గుర్తొస్తోంది. ఆ నవల కోసం నా గుమ్మం దాకా నడిచి వచ్చిన పాఠకురాలు ఆవిడ ఒక్కతే. ఆ పిల్ల తెల్లారగట్ల కిటికీ ఊచ వంచుకుని బయటపడిందని, చదువుకుందని, ఒక్క మాట చెబితే నా సొమ్మేం పోయేది?