నడిచిన పొలుసు

నర్సరీలో అందరూ ఆమెను తడిగుడ్డ పిన్ని అంటారు. కొమ్మకు పొలుసులా అంటుకుని రసం పీల్చే పొలుసు పురుగు పట్టిన మొక్కకు మందు కొట్టడం ఆమెకు గిట్టదు. కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో కొమ్మ కొమ్మా తుడుస్తుంది. లావుపాటి పొలుసులనైతే ముందే ఏరి నలిపేస్తుంది. అక్కడి అంటుమొక్కలన్నిటికీ తల్లి అయిన నిమ్మచెట్టును మాత్రం రెండేళ్ళుగా తుడుస్తున్నా పురుగు తగ్గలేదు.

"ఇక లాభం లేదు పిన్నీ, రేపు నరికించేస్తా," అన్నాడు యజమాని.

"నా చేతిలో చావని పురుగుందా? ఉండు," అంటూ ఆమె ఓ పెద్ద పొలుసు మీద వేలు పెట్టబోయింది. అది నడిచింది. ఎదిగిన పొలుసు పురుగు అంటుకున్న చోటే ఉంటుంది గానీ నడవదు. పిన్ని దాన్ని గోటితో మెల్లగా ఎత్తి చూసింది. తాను తిన్న పొలుసుల డిప్పలనే వీపున కప్పుకున్న గొంగళిపురుగు అది, రేపు చిన్న చిమ్మట కావలసినది. వదలగానే పక్కనున్న పొలుసును కొరకసాగింది.

ఆమె యజమాని వైపు తిరిగింది. అతను ఆ గొంగళిని చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"అబ్బాయ్, తప్పు చెట్టుది కాదు, నాది. పురుగును తినేదాన్నే ఏరేరి చంపాను, పెద్దది గదా అని."

"రెండేళ్ళా!"

"ఈ చెట్టు మీద రెండేళ్ళు. మిగతావాటి సంగతి అడక్కు."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. "సరే, నెలరోజులు ఆగుతా."

మర్నాడు పిన్ని చెట్టు ముందు పీట వేసుకుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. అందుకని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.