తెల్ల గుడ్డ మీద తెల్ల దారం

1934లో అనుకుంటాను, తాడేపల్లిగూడెం దగ్గర ఒక కరణంగారింట్లో పెళ్లిబట్టలు కుట్టడానికి ఏలూరు నుంచి వెళ్లాను. పెద్ద ఇళ్లలో పెళ్లంటే దర్జీని మిషనుతో సహా ఇంటికే పిలిపించుకునే రోజులవి. పెరటి పంచలో నాకు చోటు చూపించారు. ఇంటినిండా చుట్టాలు, పంచలో నేనొక్కణ్నే. నా భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. చేతులు పని చేసేవి గాని మనసు అక్కడ ఉండేది కాదు.

పెరట్లో మాత్రం ఒకావిడ కనిపించేవారు. కరణంగారి చెల్లెలు. పదేళ్లప్పుడే భర్త పోయారట. అప్పటికి నలభై దాటి ఉంటాయి. తెల్లచీర ముసుగుతో పొద్దస్తమానం గులాబీలకూ చామంతులకూ పాదులు చేస్తూ ఉండేవారు. పెళ్లింట్లో ఆవిడ ఎవరికీ ఎదురు రాకూడదు. పూలు లోపలికి వెళ్లేవి, ఆవిడ పెరట్లోనే ఉండిపోయేవారు.

ఒకరోజు మిషను దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"ఓ మాట అడగనా సాయిబూ? తోటపనికి పనికొచ్చేదేదైనా కుట్టిపెడతావా? ముళ్లు గీరుకుపోతున్నాయి."

చేతులు చూపించారు. మోచేతుల పైదాకా గీతలే.

ఆడవాళ్లను మేం టేపుతో కొలవం. సరిపోయిన పాత జాకెట్టు తీసుకుని, దాన్ని బట్టి కత్తిరిస్తాం. దాన్నే ఆది అంటాం. అలవాటు కొద్దీ, "ఆది జాకెట్టు ఇప్పించండమ్మగారూ" అన్నాను.

"నా దగ్గరెక్కడిది నాయనా? ఆయన పోయాక రవిక తొడగనిస్తేగా" అన్నారు, మామూలుగానే. "నువ్వు కుట్టేది రవికలా కనబడితే అన్నయ్య ఊరుకోడు. తోటలోకీ రానివ్వడు. నాకున్నదల్లా ఈ తోటొక్కటే."

సిగ్గుతో తల వంచుకున్నాను.

ఏలూరులో దొరసానులకు ఏప్రన్లు కుట్టి ఉన్నాను. మెడకూ నడుముకూ నాడాలతో ముందువైపు కప్పే గుడ్డ అది, ఆదితో పనిలేదు. తెల్లటి నూలు లాంగ్‌క్లాత్‌తో అదే కత్తిరించాను. చేతుల మీదికి వదులుగా జారే ముక్కలు రెండు జోడించాను. విత్తనాలకు మూతజేబు, కత్తెరకు సన్నజేబు వేశాను. కింది అంచును పైకి మడిచి, కోసిన పూలు వేసుకోవడానికి ఒడిలా కుట్టాను.

"పువ్వో తీగో వెయ్యమంటారా అండి?"

"రంగు వద్దు" అన్నారు. పువ్వు వద్దనలేదు.

తెల్లదారంతో వేశాను. నా భార్య చేస్తుంటే చూసి నేర్చుకున్న స్టెమ్ స్టిచ్, అంటే తీగలా సాగే కుట్టు. ఒడి పొడుగునా చామంతులు. దూరానికి ఉత్త తెల్లగుడ్డే. వేలితో తడిమితే పువ్వు తెలుస్తుంది.

ఆవిడ అది కట్టుకున్న పొద్దునే కరణంగారు పెరట్లోకి వచ్చారు.

"ఏమిటే అది?"

"పూలు కోసుకునే సంచి అన్నయ్యా."

ఆయన నా వైపు తిరిగారు. "సంచేనండి, నాడాలు పెట్టానంతే" అన్నాను. ఆయన దాన్నొకసారి చూసి, దండలకు పూలు త్వరగా కోయమని చెప్పి వెళ్లిపోయారు.

ఆవిడ కుట్టు మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. "లోపలివాళ్ల బట్టలు పదిమందీ చూస్తారు. దీన్ని చూసుకునేది నేనొక్కదాన్నే. నువ్వూ చూశావు గాని, రేపు వెళ్లిపోతావుగా సాయిబూ."

బట్టకు అందం చూసేవాళ్ల కోసమే అనుకుని అన్నేళ్లు కత్తెర పట్టాను. ఎవరూ చూడని మనిషికీ అది కావాలని ఆ పెరట్లో తెలిసింది. ఏలూరు చేరాక మొదట చేసిన పని, భుజం దగ్గర చిరిగి నా భార్య పోయినప్పటి నుంచీ అలాగే వేలాడుతున్న నా చొక్కా కుట్టుకుని తొడుక్కోవడం.