కామెరూన్ ప్రయాణంలో మేము దాచిన జబ్బు

రానూపోనూ మమ్మల్ని కాచిన తండ్రికి స్తోత్రం. దాచినదాన్ని వెలుగులోకి తెచ్చి, ఆ వెలుగులో మమ్మల్ని కాల్చివేయక నిలబెట్టిన ఆయన కనికరానికి మరీ స్తోత్రం. మన సంఘాల నుంచి ఆఫ్రికాకు సేవకు వెళ్ళాలనుకునే సోదరులు కొందరు టీకాల గురించి, మాత్రల గురించి నన్ను అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. టీకాల సంగతి రాయడం తేలిక. మిగతాది రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

కామెరూన్ దేశంలో, యవుండే నగరానికి బస్సులో ఏడు గంటల దూరాన, ఒక చిన్న సంఘం బడి నడుపుతోంది. ఆ బడి చుట్టూ ఉన్న మూడు చేతిపంపులూ చెడిపోయి పిల్లలు వాగు నీళ్ళు తాగుతున్నారని, అక్కడ పనిచేసే మన ప్రాంతపు సోదరుడు ఒకరు ఉత్తరం రాశారు. పంపులు బాగుచేయగలవాడు మా జమ్మలమడుగు సంఘంలో ఒక్కడే, రత్నన్న. సంఘ పెద్ద, వయసు యాభై ఏడు. ముప్పై ఏళ్ళుగా మైలవరం చుట్టుపక్కల ఊళ్ళలో పంపులు విప్పి బిగించిన చెయ్యి. నేను బడిపంతుల్ని, ఆదివారాలు సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఇంగ్లీషు వచ్చు కాబట్టి నన్ను తోడు వెళ్ళమన్నారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. రత్నన్నకు సుగరు జబ్బు. రెండేళ్ళ కిందట ఉపవాస కూటాల్లో ఆయన కోసం సంఘమంతా మోకరించింది. మరుసటి వారం రక్తపరీక్షలో అంకె బాగా తగ్గింది. ఆ సాక్ష్యం నేనే కాగితం మీద రాసి ఇచ్చాను, ఆయన ఆదివారం నిలబడి చదివాడు. దేవుడు ముట్టాడు, ఇక నేను మాత్ర ముట్టను అని చివర ఉంది. ఆ చివరి మాట నేను చేర్చింది. అది విని రెండు కుటుంబాలు సంఘంలో చేరాయి. ఆరు నెలలకు ప్రొద్దుటూరులో ఒక మందుల షాపు ముందు ఆయన కనిపించాడు. జమ్మలమడుగులో అన్ని షాపులుండగా ఇంత దూరం ఎందుకు వచ్చాడో నాకు అర్థమైంది. నన్ను చూసి మాత్రల అట్ట జేబులో వేసుకున్నాడు. నేను అరటిపండ్ల బండి వైపు తిరిగి బేరం మొదలుపెట్టాను.

కామెరూన్‌లో దిగాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. అది అన్ని ఆసుపత్రుల్లో వేయరు. మాకు వీలైన కేంద్రం చెన్నైలో దొరికింది. టీకా వేశాక రుజువుగా ఒక పసుపు కార్డు ఇస్తారు, అది పదో రోజు నుంచే చెల్లుతుంది. కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. మేము ప్రయాణానికి నెల ముందే టీకా కోసం బయలుదేరాం. తెల్లవారి ఐదూ ముప్పావుకు జమ్మలమడుగులో బస్సు, ఆరున్నరకల్లా ముద్దనూరు స్టేషను, ఏడు దాటాక రైలు. రైల్లో పొట్లం విప్పి ఉగ్గాని తిన్నాం.

"యాడికి మామా, ఇద్దరూ ఇంత పొద్దున్నే?" అన్నాడు ఎదుటి సీటులోని నిమ్మకాయల వ్యాపారి.

"సూది ఏపిచ్చుకోను," అన్నాడు రత్నన్న.

"సూదికి మద్రాసు దాకానా! మా ఊర్లో డాక్టరు పిలిస్తే ఇంటికే వచ్చి పొడిచిపోతాడే!"

పెట్టెలో అందరూ నవ్వారు. రత్నన్న కూడా నవ్వాడు.

మధ్యాహ్నం రెండున్నరకు చెన్నై చేరాం. స్టేషను ఎదుట ఒక లాడ్జిలో రాత్రి గడిపి, మర్నాడు ఎనిమిదికే వరుసలో నిలబడ్డాం. అసలు పాస్‌పోర్టు, దాని నకలు రెండూ తీసుకుపోండి. మా ముందున్న కుర్రవాణ్ణి నకలు లేదని వెనక్కి పంపారు. తొమ్మిదిన్నరకు మా వంతు వచ్చింది. బల్ల వెనుక కూర్చున్న డాక్టరమ్మకు తెలుగు వచ్చు.

"గుడ్డు తింటే పడదా? షుగర్, బీపీ ఉన్నాయా? ఏమైనా మందులు వాడుతున్నారా?"

రత్నన్న నా వైపు చూశాడు. నేనే అందుకున్నాను. "దేవుడు బాగుచేశాడమ్మా. ఏ మందూ వాడడు."

"నేను ఆయన్ని అడిగాను," అందామె.

ఆయన బల్ల మీద ఫారం వైపు చూస్తూ, "ఏం లేవమ్మా," అన్నాడు. ఫారంలోనూ లేవనే రాశాడు. తర్వాత ప్రయాణ బీమా కాగితంలోనూ అదే రాశాడు.

టీకా వేసి అరగంట కూర్చోబెట్టారు. ఆ అరగంటలో ఆమె చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. మలేరియా మాత్ర రోజుకొకటి అన్నం తిన్నాక వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మానకూడదు. మందు పట్టించిన దోమతెర కింద పడుకోవాలి. కాచిన నీళ్ళే తాగాలి. ఉత్త కాళ్ళతో తిరగకూడదు. రోజూ వాడే మందులుంటే డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పెద్ద సంచిలో వేయకూడదు. ఈ చివరిది రాసుకుంటూ కూడా నేను తల ఎత్తలేదు.

తిరిగి వచ్చాక రత్నన్న కూతురు సునీతను చూడడానికి పులివెందులకు వెళ్ళాం. ఆమె అక్కడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. ఆయన స్నానానికి పోయినప్పుడు నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"చిన్నాయనా, నాయన సుగరు మాత్రలు ఇంకా మింగుతాండాడు. సంఘానికి తెలిస్తే తలెత్తుకోలేనని దాస్తాండాడు. ఆడ నువ్వు అడిగి మింగిపియ్యి. సిగ్గుపడతాడు, అయినా అడుగు."

"అట్లే తల్లీ," అన్నాను. అన్నం తిని, నాలుగు గంటల బస్సు ఎక్కాం. ప్రొద్దుటూరు మీదుగా పోతూ దోమతెరలు, నీళ్ళ విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు, డాక్టరు రాసిచ్చిన మలేరియా మాత్రలు కొన్నాం. రత్నన్నకు బూట్లు నేనే ఎంచాను. ఆయన జన్మంతా చెప్పులే వేసినవాడు.

"ఇదేందప్పా, కాళ్ళను జైల్లో పెట్టినట్లుండాది," అన్నాడు. అలవాటవుతుందిలే అన్నాను. కొత్త బూట్లను పయనానికి వారం ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగమని వెళ్ళేవాళ్ళకు చెప్పండి. నేను చెప్పలేదు.

అడిస్ అబాబాలో విమానం మారి, మధ్యాహ్నం ఒంటిగంటకు యవుండేలో దిగాం. పాస్‌పోర్టు కంటే ముందు పసుపు కార్డు చూశారు. నా సంచి వచ్చింది. పంపులు విప్పే పానాలున్న రత్నన్న సంచి రాలేదు. బెల్టు ఖాళీగా తిరుగుతుంటే ఆయన గంటసేపు దాని పక్కనే నిలబడ్డాడు.

"పానాలదేముంది అన్నా, ఈడ దొరుకుతాయిలే," అన్నాను.

"ఊ," అన్నాడు.

సంచిలో పానాలే కాక ఇంకేముందో నాకు తెలియదని చెప్పలేను. అడగలేదు, అంతే. అడిగితే నేను రాసిన సాక్ష్యాన్ని నేనే చింపినట్లవుతుంది.

మూడో రోజు ఆదివారం. అప్పటికి బడి ఉన్న ఊరు చేరాం. సంఘం రేకుల కొట్టంలో జనం కిక్కిరిసి కూర్చున్నారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. అనువాదం చేసే సోదరుణ్ణి పక్కన నిలబెట్టుకుని, రత్నన్న చెయ్యి పట్టి పైకి లేపి, ఈయన సుగరును దేవుడు ఎలా తీసేశాడో ఒక్కో మాటా చెప్పాను. జనం చప్పట్లు కొట్టి పాడారు. ఆయన తల వంచుకున్నాడు. వినయం అని అనువాదకుడు అన్నాడు. అప్పటికి మాత్ర లేక రెండు రోజులు.

పని సోమవారం మొదలైంది. అరువు తెచ్చిన పానాలతోనే గొట్టాలు పైకి లాగించాడు. ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు, మళ్ళీ మూడు నుంచి చీకటిదాకా బురదలో, బూట్లతో. శానా నీళ్ళు తాగుతున్నాడు. మాటిమాటికీ చెట్ల చాటుకు పోతున్నాడు. ఎండ కదా అనుకున్నాను. పని మొదలైన నాలుగో రోజుకు మొదటి పంపు నీళ్ళు కక్కింది. ఆడవాళ్ళు బిందెలు వాయిస్తూ ఆడారు. తొమ్మిదో రోజుకు రెండోది. ఆ సాయంత్రమే సంచి వచ్చింది. ఆయన దాన్ని తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున గదిలో వాసన. ఎలుక చచ్చిందేమోనని వెతికాను. అది ఆయన కుడి బూటు నుంచి. విప్పి చూస్తే బొటనవేలు, పక్క వేలు నల్లబడి ఉన్నాయి. మేజోడు చర్మానికి అంటుకుపోయింది.

"ఇంత పుండైతే చెప్పొద్దా అన్నా!"

"నొప్పి తెలిసుంటే చెప్పేవాణ్ణి సారూ. ఏం తెలీల్యా."

"మరి సుగరు పెరిగిన సంగతి?"

"అది తెలుసు," అన్నాడు.

జీపులో మూడు గంటలు పోయి ఒక మిషను ఆసుపత్రి చేరాం. వేలికి సూది గుచ్చి చూస్తే, యంత్రం అంకె కూడా చూపలేనంత ఎక్కువగా ఉంది సుగరు. సుగరు ఎన్నేళ్ళ నుంచి అని డాక్టరు అడిగాడు. అనువాదం చేసిన సోదరుడు ఆదివారం మనిషే. ఆ ప్రశ్న నాకు చెప్పకుండా నా ముఖం వైపే చూశాడు. రత్నన్న జ్వరంతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పుడు చెప్పాను. ఎనిమిదేళ్ళ నుంచి, ఎప్పుడూ పోలేదు, మాత్రలున్న సంచి దారిలో తప్పి మొన్ననే చేరింది.

డాక్టరుకు కోపం రాలేదు. "ఈ మాత్ర మా సంతలో కూడా దొరుకుతుంది. ఎందుకు అడగలేదు?" అన్నాడు.

రెండు వేళ్ళూ, పాదంలో కొంత భాగమూ తీసేశారు. ఐదు రోజులు గడిస్తేగాని బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. ఆ ఐదు రోజులూ మంచం పక్కన నాకు ప్రార్థన రాలేదు. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞను ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత వల్లె వేయించిన నోరు ఇది. ఆరో రోజు ఆయన కళ్ళు తెరిచి గంజి అడిగాడు. మూడో పంపు అలాగే ఉంది. ఆ వైపు ఇళ్ళవాళ్ళు ఇంకా వాగు నీళ్ళే తాగుతున్నారు. ఫారంలో జబ్బు లేదని రాసినందున బీమా కూడా వర్తించలేదు.

మరో రెండు వారాలకు చక్రాల కుర్చీలో విమానం ఎక్కించాం. చెన్నైలో కట్టు మార్చిన డాక్టరును ఆగలేక అడిగాను, సుగరుందని ముందే చెప్తే ఆ టీకా వేసేవాళ్ళు కాదా అని. "ఎందుకు వేయరు? సుగరు ఉన్నంత మాత్రాన ఆపరు. మందులకు చీటీ రాసి, కాళ్ళు రోజూ చూసుకోమని చెప్పి పంపేవాళ్ళు," అన్నాడు. నిజం చెప్పి ఉంటే ప్రయాణం ఆగేది కాదు.

మర్నాడు పగటి రైలు. రత్నన్న కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. రేణిగుంట దాటాక పాస్టరుగారు ఫోను చేసి, ఆదివారం కూటంలో మా ప్రయాణ సాక్ష్యానికి సమయం పెట్టామన్నారు. రత్నన్న విన్నాడు.

"ఏం చెప్తావు సారూ?"

"నువ్వు ఏం చెప్పమంటే అది."

"నన్నడగొద్దప్పా. అప్పుడు కాగితం రాసిచ్చేటప్పుడు అడిగినావా?" కోపంగా అనలేదు. తనే మళ్ళీ అన్నాడు, "ఆ రెండు కుటుంబాలోళ్ళు ఏమనుకుంటారో అదే నా దిగులు. పాపం, నమ్మి వచ్చినోళ్ళు."

సాయంత్రం నాలుగూ ఇరవైకి ముద్దనూరు. సునీత ఆటో పెట్టుకుని నిలబడి ఉంది. తండ్రి కాలు చూసి ఏడవలేదు. ఆయన్ను కూర్చోబెట్టి, పాదం కింద దిండు సర్ది, అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకు చెప్పి పంపితి గదా చిన్నాయనా."

"అవునమ్మా."

ఆటో పులివెందుల దారిన పోయింది. జమ్మలమడుగు వెళ్ళే ఐదు గంటల బస్సులో నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. కామెరూన్ మంచి దేశం, మనుషులు ప్రేమగలవాళ్ళు, వాళ్ళ డాక్టర్లే మా అన్నను బతికించారు. టీకా కార్డు, దోమతెర, మాత్రలు అన్నీ మా దగ్గర ఉన్నాయి. లేనిది బల్ల దగ్గర ఒక్క నిజం మాట. మాత్ర మింగడం అవిశ్వాసం కాదని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. అది ఒక మనిషి పాదం పోయాక నమ్మడమే నా దుఃఖం.

బస్సులో కూర్చునే ఈ చివరి మాటలు రాస్తున్నాను. ఆదివారం ఇంకా మూడు రోజులుంది. ప్రియులారా, రత్నన్న రెండో పాదం కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఆ మూడో పంపు చుట్టూ ఉన్న పిల్లల కోసం ప్రార్థించండి. ఆ రోజు నేను లేచినప్పుడు ఆ రెండు కుటుంబాలు ముందు వరుసలోనే ఉంటాయి. వాళ్ళ ముఖాలు చూస్తూ కూడా నా నోరు ఈసారి నిజం నుంచి తప్పించుకోకుండా ఉండేలా, దయచేసి, ఇప్పుడే ఒక్క నిమిషం మోకరించండి.