కొల్లేటి రేడియోలో మంచినీళ్ళ కబురు

ఆ రోజుల్లో నేను ఏలూరులో ఒక స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. కొల్లేటి అంచున, మా అమ్మావాళ్ళ ఊరికి పక్క ఊళ్ళో, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కమ్యూనిటీ రేడియో పెట్టింది. పాత మిషనరీ బడిలో ఒక గది, బయట ఒక ఇనుప స్తంభం, చుట్టుపక్కల పది ఊళ్ళకి వినపడే స్టేషను. గొంతు మారుమోగకుండా గోడలకి పాత బొంతలు కొట్టారు. మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి, లేకపోతే దాని హోరు మైకులో పడుతుంది. ఎండాకాలం ఆ గదిలో అరగంట కూర్చుంటే బట్టలు పిండుకోవాల్సి వచ్చేది.

స్టేషను చూసుకునే ఆయన గణపవరం మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, "ఎంతసేపని పాటలు వేస్తామండీ టీచరుగారూ? ఊళ్ళ సంగతులు మాట్లాడే కార్యక్రమం ఒకటి పెడదామండి. మీరు నడపాలి" అన్నారు. "వార్తలు చదవకూడదండి, రాజకీయం ముట్టుకోకూడదండి. లైసెన్సు రూలు. చేపల చెరువుల గొడవ జోలికి అసలే వద్దు. మన కష్టసుఖాలు మనం చెప్పుకుంటే ఎవరూ కాదనరు."

పిల్లల ముందు తప్ప నేను ఎక్కడా నోరు విప్పినదాన్ని కాదు. అయినా సరేనన్నాను. ఆ పది ఊళ్ళ ఆడవాళ్ళు కుళాయిల దగ్గర ఎంత బాగా మాట్లాడతారో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఆ మాటలు వీధి మలుపు దాటి వినపడాలని నాకు ఉండేది.

మొదటి ఆదివారం తాగునీళ్ళ మీద అనుకున్నాం. సాయంత్రం ఆరింటికి, నేరుగా ప్రసారం. ఒక ఇంజనీరుగారు వస్తానన్నారు. మధ్యాహ్నం నేను ఏలూరులో బస్సెక్కి కూర్చున్నాక ఫోను చేసి, వీలుపడటం లేదన్నారు. పిలవడానికి ఇంకెవరూ లేరు.

నా పక్క సీట్లో ఒకావిడ ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏలూరులో ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వెళుతోంది. అరవై దాటి ఉంటాయి. దారి పొడుగునా ఎదుటి సీటు ఆవిడతో వాళ్ళ ఊరి కుళాయి గురించే చెబుతోంది. నేను ఇక ఆగలేకపోయాను.

"పిన్నిగారూ, ఈ మాటలే రేడియోలో చెబుతారా?"

"రేడియోలోనా అండీ? నా మాట ఎవరు వింటారండీ?" అని నవ్వింది. అయినా నాతో దిగింది.

ఆరయింది. ఎర్ర బల్బు వెలిగింది. "అందరికీ నమస్కారమండి" అంది పిన్నిగారు. అంతే, నోరు పడిపోయింది. మైకు వంక, ఎదురుగా ఎవరో పెద్ద ఆఫీసరు కూర్చున్నట్టు చూస్తోంది.

"మీ ఊళ్ళో కుళాయి నీళ్ళు ఎలా ఉంటున్నాయండీ?"

"బానే ఉంటాయండి."

"రోజూ వస్తాయా?"

"వస్తాయండి."

అద్దం అవతల స్టేషను ఆయన తల పట్టుకున్నారు. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. ఏం చెయ్యాలో తోచక, "పోనీ, చేపల పులుసు ఎలా పెడతారో చెప్పండి" అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. "బొమ్మిడాయిలా అండీ, కొర్రమీనా అండీ?"

"బొమ్మిడాయిలే."

"ముందు చింతపండు నానబెట్టాలండి..." అని మొదలెట్టి ఆగిపోయింది. తరవాత మైకుని మర్చిపోయి నా వైపు తిరిగింది. "ఏ నీళ్ళతో నానబెట్టమంటారండీ? మా కుళాయిలో నీళ్ళు పచ్చగా వస్తాయండి. బిందెలో పట్టి తెల్లారేదాకా ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది. ఆ నీళ్ళతో పులుసు పెడితే మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నాకేసి చూస్తాడండి. నలభై ఏళ్ళు నా చేతి కూడు తిన్న మనిషండీ! వంట నేను పాడుచేశాననుకుంటున్నాడు."

ఆ తరవాత ఆవిణ్ణి ఆపడం నా వల్ల కాలేదు. ఫోనులు మొదలయ్యాయి. సెల్లులో స్పీకరు పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాను. "ఆ పిన్ని చెప్పింది నిజమండి, మా లంకలోనూ అంతేనండి" అంటూ ఒకావిడ ఏడ్చినంత పని చేసింది.

నేను గాల్లో తేలుతూ ఏలూరు తిరిగి వెళ్ళాను. మరుసటి ఆదివారం స్టేషను మెట్ల మీద ఒక బక్కపల్చటి మనిషి సైకిలు పక్కన నిలబెట్టుకుని నా కోసం చూస్తున్నాడు.

"ఆ పచ్చనీళ్ళు వదిలేవాణ్ణి నేనేనండి" అన్నాడు. పిన్నిగారి ఊళ్ళో ట్యాంకు ఆపరేటరట. "మీరు నా పేరెత్తలేదండి. ఎత్తకపోయినా కుళాయి దగ్గర అందరూ నా మొహమే చూస్తున్నారు. మా ఇంటావిడ కూడా, నిజమేనా అని అడిగింది."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అతన్ని కూడా పిలవాలని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. "తప్పు నాదేనండి. లోపలికి రండి, మీ మాట మీరే చెప్పండి" అన్నాను.

"నాకు మాటలు రావండి. ట్యాంకు గురించయితే చెప్పగలను."

ఆరింటికి మైకు ముందు కూర్చుని చెప్పాడు. చెరువు నీళ్ళు ఇసుక పొరలోంచి దిగి శుభ్రపడాలట. పైనున్న ఇసుక మురికి పట్టి గట్టిపడిపోయిందట. దాన్ని గీకి కడగాలంటే ఒక్కడి వల్ల అయ్యే పని కాదట. మనుషుల్ని పంపమని అర్జీలు పెట్టి పెట్టి ఊరుకున్నాడట. ఆ వారం కూడా వచ్చి పక్కన కూర్చున్న పిన్నిగారు అంతా విని, "మరి ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేం బాబూ?" అంది.

"ఎవరూ అడగలేదు పిన్నీ. తిట్టారంతే."

ఆవిడ కుర్చీ అతని వైపు జరుపుకుంది. ఆ చప్పుడు కూడా పది ఊళ్ళకీ వినపడింది. తరవాత అడిగింది, "ఎంతమంది కావాలి?"

"ఓ పాతికమంది వస్తే రెండు రోజుల పనండి."

ఆ వారంలో సెలవు పెట్టుకుని నేనూ వెళ్ళాను. ముప్ఫైమందికి పైనే వచ్చారు. మగవాళ్ళు పారలతో ఇసుక గీకారు. ఆడవాళ్ళు తట్టలతో మోసి కడిగారు. పిన్నిగారి భర్త గట్టు మీద కూర్చుని అందరికీ మజ్జిగ పోశాడు. ఆపరేటరు ఎవరు ఎక్కడ కాలు పెట్టాలో చెబుతూ, ఆ రెండు రోజులూ ఇంజనీరులా తిరిగాడు.

నీళ్ళు తేటపడ్డాయి. ఎప్పటికీ అలాగే ఉన్నాయని చెప్పను. చెరువు నింపే కాలవ కట్టేసిన వేసవిలో మళ్ళీ రంగు మారేవి. అయితే అప్పుడు ఆపరేటరే ముందుగా రేడియోకి వచ్చి, కాచి తాగమని చెప్పేవాడు.

నాలుగేళ్ళ తరవాత నాకు చింతలపూడిలో వేరే ఉద్యోగం దొరికింది. కార్యక్రమాన్ని పిన్నిగారికి అప్పగించాను. ఆవిడకి చదువు రాదు. అడగాల్సినవన్నీ మనసులోనే పెట్టుకునేది. ఒకసారి అమ్మని చూడటానికి వచ్చి, పెరట్లో కూర్చుని ఫోనులో ఆవిడ కార్యక్రమం పెట్టాను. బస్సు వేళల గురించి ఎవరో అధికారి గొంతు పెగలనట్టు లోలోపలే మాట్లాడుతున్నాడు.

"కొంచెం మైకు దగ్గరికి జరగండి బాబూ. భయపడకండి, అందరూ మనవాళ్ళే" అంటోంది పిన్నిగారు. నేనూ అమ్మా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.