ఎలుక బొరియలో కోడలి చెయ్యి

నాకు అక్షరాలు నేర్పింది మా కోడలు. అరవై దాటాక. ఒక పొద్దున మనవరాలి సైన్సు పుస్తకం కూడబలుక్కుని చదివాను. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కింద ఆకాశం నుంచి పెద్ద రాయి పడిందట. రాక్షసబల్లులు చచ్చాయట. బొరియల్లో దాక్కున్న ఎలుకంత జంతువులు బతికాయట. కాలం గడిచి, వాటి సంతతిలోనే మనమూ పుట్టామట.

నాకు నచ్చలేదు. "ఎలుకకు పుట్టినమా మనం?" అన్నాను.

"నీ సంగతైతే నిజమే అత్తమ్మా. గింజ దొరికితే దాస్తవ్ గద," అని కోడలు నవ్వింది.

ఆ రోజే మంచాల ఊరికి పోయే దారిలో ఉన్న మా పొలానికి పోయాం. వరి కోశాక ఎలుక బొరియలు తవ్వి, అవి దాచిన వెన్నులు తెచ్చుకోవడం మా అలవాటు. ముందు కుండలో గడ్డి కాల్చి లోపలికి పొగ ఊదుతాం. ఎలుకలు ఇంకో కన్నంలోంచి పారిపోతాయి. ఆ రోజు గడ్డి తడిగా ఉంది, పొగ సరిగ్గా పట్టలేదు. అయినా కోడలు భుజం దాకా చెయ్యి పెట్టింది.

"మస్తున్నయి అత్తమ్మా..." అంటూనే కేకేసి లాక్కుంది. వేలి మీద పక్కపక్కన రెండు గాట్లు.

ఎలుక బొరియలో పాములూ ఉంటాయి.

"ఏం కర్సిందే? సూసినవా?"

"సూడలే. మెత్తగ తగిలింది."

పాము కూడా మెత్తగానే ఉంటుంది. ఆటో ఎక్కించి ఇబ్రహీంపట్నం దవాఖానకు తీసుకుపోయాను. దారంతా ఆమె రెప్పలే చూశాను. అవి వాలితే విషమని విన్నాను.

"కండ్లు తెర్వు పిల్లా!" అని చెంప మీద కొట్టాను.

"తెర్సే ఉన్న గద, కొట్టకు!"

డాక్టరమ్మ రక్తం తీసి గాజు గొట్టంలో పోసి నిలబెట్టింది. గడ్డకడితే మంచిదంది. నీళ్లలా ఉంటే విషమంది. పుస్తకంలో కోట్ల ఏళ్లు ఒక్క పేజీలో అయిపోయాయి. ఆ గొట్టం ముందు కాలం కదల్లేదు. అప్పుడు పెద్దవి పోయి చిన్నవి మిగిలాయని రాశారు. మా ఇంట్లో పెద్దదాన్ని నేను మిగిలి, చిన్నది పోతుందేమోనని భయమేసింది.

డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం జారలేదు.

"ఎలుకే అయ్యుంటది. అయినా రేపటిదాక ఈడనే ఉండాలె," అంది.

అయ్యుంటదట! ఆ మాటతో నా భయం పోలేదు. మంచం పక్కన కూర్చుని మళ్లీ రెప్పలు చూస్తున్నాను.

"అత్తమ్మా, జర పండుకోనియ్యి."

"వద్దు," అన్నాను. "మాట్లాడు."